గేర్‌బాక్స్ పోయిందట! ఎవరు చెప్పారు?

మా అనంతపురంలో నీళ్ళు దొరకడం కష్టం గానీ, తీర్పులు మాత్రం ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. వాటిలో మరీ చవకైనది "గేర్‌బాక్స్ పోయింది" అన్న తీర్పు. చవక అన్నది చెప్పేవాళ్ళకి లెండి, వినేవాళ్ళకి కాదు. పదేళ్ళు దాటిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి, అందులోనూ ఆటోమేటిక్ గేర్లది, కింద ఎక్కడో ఒక్కసారి "ఠంగ్" మందంటే చాలు. చూసేవాడు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాడు, రెండుసార్లు ఆక్సిలేటర్ తొక్కిస్తాడు, అరచెయ్యి గాల్లో తిప్పేస్తాడు. "పోయిందక్కా, దింపాల్సిందే." అంతే! కింద దూరి చూసింది లేదు, ఆయిల్ చూసింది లేదు, శబ్దం ఎప్పుడొస్తుందని అడిగింది లేదు.

దీని మీద నాకు కోపముంది. ఆ కోపానికి కారణముంది. ఇంట్లో డబ్బు లెక్క చూసేది నేను. ఆ అరచెయ్యి ఒక్కసారి తిరిగితే ఆగిపోయేది మా పాప కాలేజీ ఫీజు. అందుకే ఈ రోజు వంటల గురించి కాకుండా గేర్‌బాక్సుల గురించి రాస్తున్నాను. "తెలుగు బీఏ చదివినావిడకి గేర్‌బాక్సులతో ఏం పని?" అనుకునేవాళ్ళు చివరిదాకా చదివి అప్పుడు అనండి.

ముందు ఒక మాట. కరువు జిల్లాలో ఫోర్ వీల్ డ్రైవ్ ఎందుకని హైదరాబాదు చుట్టాలు నవ్వుతుంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే చోట బురద ఎక్కడిదని వాళ్ళ అనుమానం. మాకు అడ్డం పడేది బురద ఒక్కటే కాదు, ఇసుక కూడా. పెన్న, చిత్రావతి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక దిబ్బలే. వంతెన చుట్టు తిరిగి పోలేక ఏట్లో దిగి దాటే పల్లెలు ఇంకా ఉన్నాయి. ఇక తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడి సంగతి అటు అమ్మాయిని ఇచ్చినవాళ్ళకి తెలుసు. ఏడాది వానంతా నాలుగు రాత్రుల్లో కురిసిపోతుంది, ఆ నాలుగు రోజులూ ట్రాక్టరు తప్ప ఇంకేదీ కదలదు. అందుకని చేను ఉన్నవాళ్ళు, కాంట్రాక్టు పనులు చేసేవాళ్ళు బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన పెద్ద బండ్లు సెకండ్ హ్యాండులో తెచ్చుకుంటారు. మాదీ అలా వచ్చిందే, 2012 మోడల్. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. గొడవ కంపెనీతో కాదు.

మా బండి శబ్దం ఇలా ఉండేది. సిగ్నల్ దగ్గర పూర్తిగా ఆగిన క్షణంలో ఒక "ఠక్". మళ్ళీ కదిలేటప్పుడు ఒక "ఠంగ్". రివర్స్‌లో వేస్తే ఇంకో "ఠంగ్", కాస్త గట్టిగా. హైవే మీద పోతుంటే ఏమీ లేదు, పాలమీగడలా నడుస్తుంది. మావారు మొదట్లో "నాకేం వినబడలేదే" అన్నారు. రోజూ నడిపేవాళ్ళ చెవి అలవాటు పడిపోతుంది, పక్క సీట్లో చేతులు ఖాళీగా కూర్చున్నవాళ్ళ చెవి అలవాటు పడదు. మా మరిది "వదినా, పాత బండి అన్నాక మూలుగుతుంది" అన్నాడు. ఒక పేరున్న షెడ్డులో చూపిస్తే అరచెయ్యి తిరిగింది, లక్షా తొంభై వేలు లెక్క చెప్పారు. కాగితం మీద రాసివ్వమంటే మాత్రం రాయలేదు.

ఇక్కడే నా మొదటి అభ్యంతరం. శబ్దం అనేది రోగం కాదు, రోగ లక్షణం. పిల్లాడికి కడుపునొప్పి అని తీసుకెళ్తే ఏ డాక్టరైనా ఎప్పటినుంచి, తిన్నాక వస్తుందా తినకముందా, కుడివైపా ఎడమవైపా అని అడుగుతాడా లేదా? అడక్కుండా "పేగు తీసేయాలి" అంటే ఆ డాక్టర్ని మనం ఏమంటాం? మరి బండి దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్నలు అడగనివాడిని "అనుభవజ్ఞుడు" అంటున్నాం.

నా రెండో అభ్యంతరం మన మీదే. మనం "ఏదో సౌండొస్తోంది" అని చెప్పి ఊరుకుంటాం. శబ్దాలకి తెలుగులో ఉన్నన్ని మాటలు చూడండి. ఠంగు, ఠక్కు, దబ్బు, కటకట, కిచకిచ, గరగర, గలగల, రుయ్యి, కీచు, గుర్రు. పప్పు పోపులో పడితే ఒక మాట, పాలు పొంగితే ఒక మాట, కుక్కర్ మూత సరిగ్గా పడకపోతే ఒక మాట. వంటింట్లో కూర్చుని, పక్క గదిలో పడింది స్టీలు గ్లాసా ఇత్తడి చెంబా చెప్పగల వాళ్ళం మనం. చేలో మోటారు నీళ్ళు పోస్తోందా గాలి పీలుస్తోందా అని మా అత్త వాకిట్లో నిలబడి చెబుతుంది. ఇంత చెవి పెట్టుకుని షెడ్డు దగ్గర మాత్రం "సౌండ్" అనే ఒక్క మాటతో సరిపెడతాం.

డిగ్రీలో వ్యాకరణం చెబుతూ మా మేడం ఆమ్రేడితం అంటే ఏమిటో చెప్పారు. ఒకే మాట రెండుసార్లు వస్తే ఆ రెండోసారి వచ్చినది ఆమ్రేడితం. బండి శబ్దానికి మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. ఆమ్రేడితం ఉందా, లేదా? ఒక్క "ఠంగ్" తో ఆగిపోతోందా, "కటకట" అని తిరిగి తిరిగి వస్తోందా? ఒక్కసారి వచ్చి ఆగేది ఎక్కడో ఉన్న సందు మూసుకున్న శబ్దం. మళ్ళీ మళ్ళీ వచ్చేది తిరిగే వస్తువు చేసే శబ్దం. రెండో ప్రశ్న, ఆ "కటకట" దేని వేగంతో పెరుగుతోంది? బండి నిలబెట్టి న్యూట్రల్‌లో ఇంజన్ రేజ్ చేస్తే పెరుగుతోందా? అయితే ఇంజన్ వైపు చూడాలి, లేదా ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే చోట చూడాలి. నిలబెట్టినప్పుడు లేక, చక్రాలు తిరిగేటప్పుడే వస్తోందా? అయితే గేర్‌బాక్స్ తర్వాత ఉన్నవాటి వైపు చూడాలి. ఈ రెండు ప్రశ్నలకీ పైసా ఖర్చు లేదు. స్కానర్ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు కింద ఏముందో చూద్దాం. ఇంజన్ శక్తి మొదట టార్క్ కన్వర్టర్‌లోకి వెళ్తుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా, అదే పని ఇక్కడ నూనె చేస్తుంది. ఆ తర్వాత గేర్‌బాక్స్. అందులో గేర్లు మార్చేది కూడా నూనె ఒత్తిడే. ఇదేమీ నిన్న మొన్నటి వింత కాదు, అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు 1939లోనే పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని జనం కొనే కార్లలో పెట్టారు. గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటుంది. శక్తిని వెనక చక్రాలకే ఇవ్వాలా, ముందు వెనకలకి పంచాలా అనేది అక్కడ తేలుతుంది. అక్కణ్ణించి ముందుకొకటి, వెనక్కొకటి పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టులు. వాటి చివర్లలో క్రాసులు. ఆ తర్వాత డిఫరెన్షియల్, యాక్సిల్, చక్రం. ఇవన్నీ కాక ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ ఛాసిస్ మీద కూర్చోబెట్టే రబ్బరు మౌంటింగులు.

లెక్క పెట్టండి. ఇంజన్‌కీ చక్రానికీ మధ్య ఇన్ని కీళ్ళుంటే, శబ్దం వచ్చిన ప్రతిసారీ దొంగ గేర్‌బాక్సే అనడం ఏం న్యాయం? ఈ బండ్లు ఇనుప ఛాసిస్ మీద కట్టినవి. వెనక మోగిన శబ్దం ఛాసిస్ పట్టుకుని ప్రయాణించి గేర్ రాడ్డు దగ్గర మోగినట్టు వినిపిస్తుంది. మేడ మీద కుర్చీ లాగితే మన పడగ్గదిలో లాగినట్టు ఉండదూ? అలాగన్నమాట.

పైగా ఆటోమేటిక్‌కి ఒక గుణముంది. క్లచ్ పెడల్ ఉన్న బండిలో మనం కాలితో మెల్లగా వదిలి ఆ సందులన్నీ సుతారంగా మూయొచ్చు. ఆటోమేటిక్‌లో డి లో వేయగానే ఇంజన్ బలం ఒక్కసారిగా వచ్చి కూర్చుంటుంది. దారిలో ఉన్న ప్రతి కీలులోనూ ఉన్న కాస్త కాస్త సందూ కలిసి ఒక్క "ఠంగ్" అవుతుంది. ఐడిల్ ఎక్కువగా ఉంటే ఆ దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. గేర్‌బాక్స్ లోపల ఏ లోపమూ లేకపోయినా సరే.

ఒక్కొక్క శబ్దమే చెప్తాను. కావాలంటే కాగితం మీద రాసుకుని బండి డాష్‌బోర్డులో పెట్టుకోండి.

బండి ఆగగానే ఒక "ఠక్", కదలగానే ఒక "ఠంగ్". దీనికి మొదటి అనుమానితుడు ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో జారే జాయింటు. గుంటల్లో వెనక యాక్సిల్ పైకీ కిందకీ ఆడుతుంటే గేర్‌బాక్స్‌కీ దానికీ మధ్య దూరం మారుతుంది. అందుకని షాఫ్ట్ కొంచెం పొడుగై, పొట్టి కావాలి. గాడుల మీద ఒకదాంట్లో ఒకటి జారుతుంది. అక్కడ గ్రీజు ఎండిపోతే జారదు, పట్టుకుంటుంది, తర్వాత ఒక్క దూకు దూకుతుంది. బ్రేకు వేస్తే వెనక భాగం లేస్తుంది, ఆగాక మళ్ళీ కూర్చుంటుంది. ఆ కూర్చునేటప్పుడే "ఠక్". మన ఎర్రదుమ్ములో, ఏటి నీళ్ళలో తిరిగే బండికి ఆ గ్రీజు ఎన్నాళ్ళు నిలుస్తుంది చెప్పండి? చాలా పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకి ఆ షాఫ్టుల మీద గ్రీజు గన్ను పెట్టడానికి చిన్న నిప్పల్లు ఉంటాయి. కార్లు కడిగే చోట ఎవరూ వాటి జోలికి పోరు.

మెల్లగా పోతుంటే "కిచకిచ", గేర్ వేస్తే "ఠంగ్". ఇది క్రాస్. దాని లోపల సన్నటి సూదుల్లాంటి బేరింగులుంటాయి. గ్రీజు ఆరిపోతే అవి తుప్పు పట్టి పొడి అవుతాయి. కప్పుల చుట్టూ కుంకుమలాంటి ఎర్ర పొడి కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే. ఇంజన్ ఆపేసి, చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టి, షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పితే ఆట తెలుస్తుంది. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కింద మాత్రం ఎవర్నీ దూరనివ్వకండి, ఎంత తొందరున్నా సరే.

రివర్స్‌లోకి వేస్తే "దబ్బు", ఇంజన్ మొత్తం ఒళ్ళు విరుచుకున్నట్టు ఊగడం. ఇది మౌంటింగు. బానెట్ ఎత్తి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, హ్యాండ్ బ్రేకు కూడా వేసి, ఒకరు డి నుంచి ఆర్ కి మారుస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడి ఇంజన్ ఎంత ఊగుతోందో చూడాలి. పక్కన అంటే పక్కనే, బండికి ఎదురుగా కాదు, వెనక కాదు. మన ఎండలకి రబ్బరు పగలడం వింతేమీ కాదు, గేటు వాచర్లు రెండేళ్ళకోసారి మార్చుకునేవాళ్ళకి చెప్పాలా?

వాలులో ఆపి, మళ్ళీ పి నుంచి తీసేటప్పుడు "ఠంగ్". చాలామందికి ఇది జబ్బే కాదు, అలవాటు. పి లో వేస్తే లోపల ఒక చిన్న ఇనుప నాలుక పళ్ళ చక్రంలో దిగి బండిని పట్టుకుంటుంది. హ్యాండ్ బ్రేకు వేయకుండా పి లో వేసి కాలు తీసేస్తే రెండు టన్నుల బండి మొత్తం ఆ నాలుక మీద వాలుతుంది. తీసేటప్పుడు అది మొత్తుకుంటుంది. కాలు బ్రేకు మీదే ఉంచి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, బండి బరువు దాని మీద కూర్చున్నాక పి లో వేయండి. శబ్దం మాయం.

తారు రోడ్డు మీద మలుపు తిప్పితే బండి బిగుసుకుని "దబ్" మనడం. ఫోర్ వీల్ వేసి మర్చిపోయారేమో చూడండి. నలుగురు చేతులు పట్టుకుని తులసికోట చుట్టూ తిరిగితే బయటున్నావిడ ఎక్కువ నడవాలి కదా. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం పోతాయి. పాత బండ్లలో చాలావాటికి ఆ తేడా సర్దే ఏర్పాటు ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఉండదు. ఇసుకలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, గట్టి రోడ్డు మీద జారే వీలు లేక షాఫ్టుల్లో మెలి పడుతుంది. ఏరు దాటగానే టూ వీల్‌కి మార్చేయాలి. ఇంకో సంగతి, శబ్దం ఫోర్ వీల్ వేసినప్పుడే వచ్చి టూ వీల్‌లో రాకపోతే ముందు షాఫ్ట్, ముందు డిఫరెన్షియల్ వైపు చూడమని చెప్పండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే "టకటక" అంటే చక్రం దగ్గరి యాక్సిల్ జాయింటు.

అన్యాయంగా మాట్లాడను. గేర్‌బాక్స్ నిజంగా పోయే సందర్భాలూ ఉన్నాయి. డి లో వేశాక రెండు మూడు క్షణాలు ఏమీ జరక్కుండా, తర్వాత ధబీమని పట్టుకుంటే అది లోపలి నూనె ఒత్తిడి సంగతి. ఇంజన్ రొద పెడుతున్నా బండి పుంజుకోకపోతే లోపలి క్లచ్చులు జారుతున్నట్టు. ప్రతిసారీ ఒకే గేరు దగ్గర కుదుపు, డాష్‌బోర్డులో లైటు, వీటికి స్కానర్ పెట్టి చూడాల్సిందే. ఇంజన్ వేగంతో పాటు పెరిగే "రుయ్యి" మనే ఏడుపు ఉంటే నూనె తక్కువైందా, ఫిల్టరు మూసుకుందా అని చూడాలి. ఈ గుర్తులు కనిపిస్తే ఇంకో వంద కిలోమీటర్లు లాగిద్దామని చూడకండి, అప్పుడు మాత్రం ఆ లక్షల లెక్క నిజమవుతుంది.

కానీ అప్పుడు కూడా మొదట చూడాల్సింది నూనె. మంచి నూనె మామూలుగా ఎర్రగా ఉంటుంది. కాఫీ డికాషన్‌లా నల్లబడి మాడు వాసన వేస్తే లోపల వేడెక్కిందని అర్థం. కింది పళ్ళెం విప్పితే అందులో అయస్కాంతం ఉంటుంది. దాని మీద కాటుకలాంటి మెత్తటి ముద్ద ఉంటే మామూలు అరుగుదల. రేకులూ ముక్కలూ ఉంటే గేర్‌బాక్స్ దించాల్సిందే, నేనూ ఒప్పుకుంటాను. ఇంత తేలికగా కళ్ళతో చూడగల సాక్ష్యం ఉండగా, చూడకుండా తీర్పు చెప్పేవాణ్ణి నేనెందుకు నమ్మాలి?

"ఈ నూనె లైఫ్‌టైమ్ అండీ, మార్చక్కర్లేదు" అనేవాళ్ళు ఇంకో రకం. ఎవరి లైఫ్? నూనెదా, బండిదా, వారంటీదా? దుమ్ము, ఎండ, ఇసుకలో నెమ్మదిగా లాగడం, ఇవన్నీ కఠినమైన వాడకం కిందకి వస్తాయి. బండితో వచ్చే పుస్తకంలో అలాంటి వాడకానికి విడిగా తక్కువ గడువులు రాసి ఉంటే వాటినే పాటించాలి. ఏ నూనె పోయాలో కూడా అందులోనే ఉంటుంది. అందుబాటులో ఉన్నదేదో పోసెయ్యడానికి అదేమీ దీపం నూనె కాదు.

మా బండి సంగతి ఏమైందంటారా? గుత్తి దారిలో లారీలు చూసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. లారీలకి ప్రొపెల్లర్ షాఫ్టే ప్రాణం, ఆ కీళ్ళ గురించి వాళ్ళకి తెలిసినంత కార్ల షెడ్డుల్లో అందరికీ తెలియదు. ఆయన మావారిని అడిగాడు, మావారు నా వైపు చూశారు. "ఎప్పుడొస్తాది తల్లీ?" అని నన్నడిగాడు. ఆగినప్పుడొకటి, కదిలినప్పుడొకటి, హైవే మీద లేదు, రివర్స్‌లో ఎక్కువ అన్నాను. గోతిలోకి దిగి పావుగంట చూశాడు. జారే జాయింటు ఎండిపోయింది, వెనక క్రాస్ అరిగింది, గేర్‌బాక్స్ కింది రబ్బరు చీలిపోయింది. "గేర్‌బాక్స్ బాగుండాది" అన్నాడు. సామాన్లు, కూలీ కలిపి తొమ్మిది వేల రెండు వందలు. లక్షా తొంభై వేలకీ తొమ్మిది వేలకీ మధ్య ఉన్న తేడా ఏమిటి? పావుగంట చూడటం, ఒక ప్రశ్న అడగటం.

ఇప్పుడు మెకానిక్కుల తరఫున ఒక మాట. వాళ్ళందరూ దొంగలని నేననను. తప్పులో మన వాటా పెద్దదే. మనం మార్చినదానికి డబ్బులిస్తాం, చూసినదానికి ఇవ్వం. గంటసేపు కింద దూరి చూసి "ఏమీ లేదు, గ్రీజు పెట్టాను" అంటే చేతిలో వంద పెడతాం, అదీ గొణుక్కుంటూ. అదే డబ్బాతో కొత్త సామాను తెచ్చి బిగిస్తే వేలకి వేలు లెక్కపెట్టి ఇస్తాం. కనిపెట్టే విద్యకి విలువ కట్టని చోట కనిపెట్టేవాడు ఎలా మిగులుతాడు? ఆ లారీ మేస్త్రి చూసినందుకు విడిగా ఐదు వందలు అడిగాడు. మా మరిది బేరమాడబోతే నేనే ఆపాను. నా లెక్కలో ఆ ఏడాది అంత సద్వినియోగమైన ఐదు వందలు ఇంకోటి లేదు.

మన జిల్లాకి ఈ జబ్బు కొత్త కాదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి, అది లేచి నిలబడ్డ చోట "ఇక్కడ తవ్వు" అనేవాళ్ళ మాట మీద ఎన్ని బోర్లు వేశాం! ఎన్ని ఎండిపోయాయి! ఎన్ని ఇళ్ళల్లో తాళిబొట్టు బ్యాంకుకి పోయింది! ఒకటి పడకపోతే పక్కనే ఇంకోటి, అది పడకపోతే ఇంకా లోతుకి. "గేర్‌బాక్స్ మార్చి చూద్దాం" అనేది కూడా అదే కొబ్బరికాయ. మార్చి చూడటం కాదండీ, చూసి మార్చడం కావాలి.

"అంత అవస్థ దేనికి, అమ్మేసి కొత్తది కొనుక్కోక" అంటారు కొందరు. మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారై బయటికొస్తున్నాయి, సంతోషమే. కానీ కొత్త కారుకి నెల నెలా కట్టాల్సిన కంతు వేరుశనగ పంట ఇస్తుందా? ఫోర్డ్ కంపెనీ 2021 సెప్టెంబరులో ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తామని చెప్పినప్పుడు, ఆ బండ్లున్నవాళ్ళందరూ వాటిని పారేశారా? బాగు చేయించుకుని నడుపుకుంటూనే ఉన్నారు. బాగు చేసుకోవడం మన హక్కు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో ఈ రిపేరు హక్కు కోసమే ఒక పోర్టల్ పెట్టింది, అందులో ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని చేసే సేవలో లోపం ఉంటే ఫిర్యాదు చేయొచ్చు. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915. అది ఫ్రిజ్జులకే కాదు, షెడ్డులకీ పనిచేస్తుంది.

కాబట్టి అక్కలూ చెల్లెళ్ళూ, ఇంటి డబ్బాలో తాళం మీ చేతిలో ఉంటే ఈ నాలుగూ అడగకుండా తియ్యకండి. ఒకటి, శబ్దం ఎప్పుడొస్తుందో మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి, నడిపి చూడనివాడి మాట వినకండి. రెండు, షాఫ్టులు, క్రాసులు, మౌంటింగులు, నూనె చూశాకే గేర్‌బాక్స్ మాటెత్తమనండి. మూడు, లెక్క కాగితం మీద రాయించుకోండి, తీసేసిన పాత సామాను ఇంటికి తెచ్చుకోండి. నాలుగు, చూసినందుకు విడిగా డబ్బులివ్వండి, గ్రీజుతో సరిపోయింది అన్నవాడికి ఇంకాస్త ఎక్కువివ్వండి.

ఎవరైనా "మీకెందుకు మేడం ఇవన్నీ" అంటే, బిల్లు కట్టేది మేమే కదా అనండి. అలా అన్నాక కూడా అరచెయ్యి గాల్లో తిప్పితే, తాళాలు తీసుకుని వచ్చేయండి. బండి "ఠంగ్" మంటూనే ఇంటికి వస్తుంది, పర్లేదు. డబ్బు మాత్రం మీతోనే వస్తుంది.